సర్వస్వదాత వీరేశలింగం పంతులుగారు

ఆంధ్రదేశమున కందుకూరి వీరేశలింగం పంతులుగారి పేరు వినని వారు అరుదు. బడిపిల్లవానిని అడిగినను వితంతు వివాహములు చేయించిన మహనీయుడని చెప్పును. కొంచెము చదివినవారు వారిని గద్యతిక్కన యనియు, తొలి తెలుగు నవలలలో నొకటియైన రాజశేఖర చరిత్రమును వ్రాసిన వారనియు చెప్పుదురు. కాని ఆ మహాకార్యములు నడిచిన విధమెట్టిది? వానికి ధనమెక్కడినుండి వచ్చెను? కావలి కాచినదెవరు, కాగులతో నీరు మోసినదెవరు, వంట వండినదెవరు? ఈ సంగతులు సభలలో అంతగా వినబడవు. చందాలతోను, పలువురి ఉచిత సేవతోను నిలిచిన గ్రంథాలయమునకు సంబంధించిన వారికి పంతులుగారి జీవితములో ఈ భాగమే మిక్కిలి ఆసక్తికరము.

పంతులుగారు 1848వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. తండ్రి సుబ్బరాయుడుగారు, తల్లి పున్నమ్మగారు. తాతగారి పేరు కూడ వీరేశలింగమే; ఆయన పేరే మనుమనికి పెట్టిరి. ఆరు నెలల ప్రాయముననే శిశువునకు మశూచికము సోకెను. ప్రాణము దక్కినది గాని శరీరము మాత్రము జీవితాంతము దుర్బలముగనే యుండెను. దగ్గు, ఉబ్బసము వారిని విడువలేదు. నాలుగేండ్లు నిండునప్పటికి తండ్రి గతించెను. పెదతండ్రిగారైన వేంకటరత్నముగారు బాలుని చేరదీసి పెంచిరి. తాతగారి నాటి సంపద క్రమముగా తరిగిపోయి, ఇల్లు మాత్రము మిగిలినది. ఈ సంగతిని జ్ఞప్తియందుంచుకొనవలెను. ఏలయనగా, తరువాతి కాలమున పంతులుగారు చేసిన దానములు పిత్రార్జితమైన జమీనులనుండి వచ్చినవి కావు. ఉపాధ్యాయుని జీతమునుండియు, రాత్రింబగళ్ళు వ్రాసిన పుస్తకముల అమ్మకమునుండియు వచ్చినవే.

1861వ సంవత్సరమున వారికి వివాహమైనది. వధువు బాపమ్మ, అత్తవారింట ఆమెకు రాజ్యలక్ష్మి యను పేరు పెట్టిరి. ఆనాటి ఆచారము ననుసరించి ఇద్దరును పిల్లలే. ఈ దంపతులకు సంతానము కలుగలేదు. కాని వారి ఇంట తల్లిలేని పిల్లలు, దిక్కులేని వితంతువులు, వెలివేయబడిన విద్యార్థులు లేని దినమే లేదని చెప్పవచ్చును.

మెట్రిక్యులేషను పరీక్షలో ఉత్తీర్ణులైన పిమ్మట పంతులుగారికి రెండు దారులు కనబడినవి. ఒకటి కచ్చేరీ ఉద్యోగము, రెండవది న్యాయవాద వృత్తి. మొదటిదానిలో లంచము, రెండవదానిలో అసత్యము తప్పవని వారికి తోచెను. ఆ కాలమున గోదావరి మండలములో ఈ రెండు వృత్తులును ధనమునకు రాజమార్గములు. వానిని కాదని వారు బడిపంతులైరి. 1839వ సంవత్సరపు తుపానులో దెబ్బతిని కళతప్పిన రేవు గ్రామమగు కోరంగిలో కొంతకాలము ఉపాధ్యాయులుగా నుండి, తరువాత ధవళేశ్వరమునకు వచ్చిరి. కాటన్ దొరగారి ఆనకట్టవలన ధవళేశ్వరము అప్పటికే దేశమంతట పేరు పొందిన గ్రామము. అచ్చటి పాఠశాలకు పంతులుగారు ప్రధానోపాధ్యాయులైరి.

వారి ప్రజాసేవకు 1874వ సంవత్సరము మొదటి మెట్టు. ఆ యేటనే ధవళేశ్వరములో బాలికల పాఠశాలను స్థాపించిరి. ఆ యేటనే వివేకవర్ధని యను పత్రికను ఆరంభించిరి. బాలికల పాఠశాల యనిన నేడు ఆశ్చర్యము కలుగదు. నాడు కులస్త్రీలకు చదువెందులకని అడుగనివారు లేరు. దేవదాసీలు మాత్రమే అక్షరములు నేర్చెడివారు గనుక, బిడ్డకు పలక కొనియిచ్చుటయే అపకీర్తియని తల్లిదండ్రులు జంకుచుండిరి. పంతులుగారు ఇంటింటికి తిరిగి, తెలిసినవారిని బతిమాలి, వెక్కిరించినవారితో వాదించి, పిల్లలను పోగుచేసిరి. తమ భార్యకును ఇంటిలోనే చదువు నేర్పిరి. పదిమందికి చెప్పదలచిన పనిని ముందు తమ ఇంట జరిపించుట వారికి మొదటినుండియు అలవాటు.

పత్రిక సంగతి వేరు. మొదట అది మద్రాసులో అచ్చయి రావలసి యుండెను. వ్రాతప్రతులు తపాలాలో పంపుట, అచ్చుకాగితములు రాకకై ఎదురుచూచుట, చందాదారులకు జవాబులు చెప్పుట, ఇవన్నియు బడి ముగిసిన పిమ్మట చేయవలసిన పనులు. తరువాత స్వంతముగా ముద్రాక్షరశాలను ఏర్పరచుకొనిరి. వివేకవర్ధనిలో అధికారుల లంచగొండితనము, వేశ్యాలోలత్వము, బాల్యవివాహములు, కన్యాశుల్కము మొదలగు దురాచారములు నిర్భయముగా ఖండింపబడెను. హాస్యసంజీవని అను అనుబంధములో అవే విషయములను నవ్వించుచు చెప్పుచుండిరి. 1883వ సంవత్సరమున స్త్రీలకొరకు సతీహితబోధిని యను పత్రికను గూడ ప్రకటించిరి. పత్రికలవలన లాభము వచ్చినదని ఎవరును అనలేరు. విరోధులు మాత్రము పుష్కలముగా వచ్చిరి.

పిమ్మట వారు రాజమహేంద్రవరమునకు మారి, ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితులైరి. ఆ పాఠశాలయే కాలేజీగా పెరిగినది. 1878వ సంవత్సరమున సంఘసంస్కరణ సమాజమును నెలకొల్పిరి. వారి చుట్టును విద్యార్థులు చేరిరి. వీరిలో బసవరాజు గవర్రాజుగారు అగ్రగణ్యులు. గురువు తలపెట్టిన ప్రతి పనికిని కుడిభుజముగా నిలిచి, చిన్న వయసుననే గతించిరి. పంతులుగారు వ్రాసిన వ్యవహార ధర్మబోధిని యను నాటకమును 1880వ సంవత్సరమున విద్యార్థులే వేషములు వేసి ప్రదర్శించిరి. వకీళ్ళ మోసములను ఎత్తిచూపు నాటకమది. నటులకు పారితోషికము లేదు. ఊరివారి నవ్వులే బహుమానము. ఊరిలోని వకీళ్ళు ఎట్లు స్వీకరించిరో ఊహించుకొనవచ్చును.

ఇంతవరకు జరిగిన పనులకు ఓర్పు, కొంత ధైర్యము చాలెను. వితంతు వివాహముల విషయము అట్టిది కాదు. అయిదారేండ్ల బాలికలను ముసలివారికి ఇచ్చి పెండ్లిచేయు కాలమది. పదేండ్లు రాకమునుపే పసుపు కుంకుమలకు దూరమై, తల గొరిగించుకొని, శుభకార్యములలో ఎదురుపడకూడని దానిగా బ్రదుకీడ్చెడి ఆడపిల్ల లేని అగ్రహారము లేకుండెను. వంగదేశమున ఈశ్వరచంద్ర విద్యాసాగరుల కృషివలన 1856వ సంవత్సరముననే వితంతు వివాహము చట్టసమ్మతమైనది. చట్టము పుస్తకములో పడి యుండెనే గాని, గోదావరి తీరమున దానివలన ఒక్క బాలికకును మేలు కలుగలేదు. 1879వ సంవత్సరమున పంతులుగారు ఈ విషయమును గూర్చి బహిరంగముగా ఉపన్యసించిరి. పండితులు శాస్త్రప్రమాణములు చూపుమనిరి. వారు స్మృతివాక్యములతోనే సమాధానము చెప్పిరి. వాదములో ఓడినవారు బలప్రయోగమునకు దిగిరి. సభలనుండి పంతులుగారు క్షేమముగా ఇల్లు చేరుటయే కష్టమైనది. అప్పుడు కఱ్ఱలు చేతబూని వెంట నడచినవారు వారి శిష్యులే.

ఉపన్యాసము ఎవరైన చేయగలరు. వివాహము జరుగవలెననిన వరుడు కావలెను, వధువు కావలెను, మంత్రము చెప్పు పురోహితుడు కావలెను, వంటవాడు కావలెను, అందరికంటె ముందు ధనము కావలెను. కాకినాడలోని సంపన్న వర్తకులగు పైడా రామకృష్ణయ్యగారు ఈ చివరి లోటును తీర్చిరి. వారు పంతులుగారి కులస్థులు కారు, బంధువులు కారు. పత్రిక చదివి, పని మంచిదని నమ్మి, వేలకొలది రూపాయలు సహాయము చేసిరి. సత్రములు కట్టించినను, దేవాలయమునకు గోపురము ఎత్తించినను వర్తకునకు లోకమున కీర్తి లభించును. వితంతు వివాహమునకు ధనమిచ్చినవానికి లభించునది నింద. తెలిసి తెలిసి ఆ నిందకు సిద్ధపడి ఇచ్చిన రామకృష్ణయ్యగారి దాతృత్వమునకు చరిత్రలో రావలసినంత పేరు రాలేదు.

1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీ రాత్రి రాజమహేంద్రవరములో పంతులుగారి ఇంట మొదటి వితంతు వివాహము జరిగెను. వరుడు గోగులపాటి శ్రీరాములుగారు. వధువు కృష్ణా మండలమునుండి రహస్యముగా తీసికొనిరాబడిన బాలవితంతువు గౌరమ్మగారు. ముందుగా తెలిసినయెడల బంధువులు పిల్లను మాయము చేయుదురను భయముచే ఏర్పాట్లన్నియు గుప్తముగా జరిగెను. సంగతి పొక్కగానే ఊరు అట్టుడికినట్లు ఉడికిపోయెను. వివాహము జరుగు ఇంటికి పోలీసు బందోబస్తు ఏర్పాటు చేయవలసివచ్చెను. దానికి తోడు విద్యార్థులు వీథి పొడుగునను కావలి నిలిచిరి. పెండ్లి ఊరేగింపునకు బోయీలు, బాజాభజంత్రీలు దొరకుట దుర్లభమైనది. అయినను వివాహము శాస్త్రోక్తముగా జరిగినది. నాలుగు దినములు గడువకముందే, డిసెంబరు 15వ తేదీన, రెండవ వివాహము జరిగెను. ఒక్కటి చేసి ఊరకుందురని ఎదురుచూచిన వారికి ఇది పెద్ద దెబ్బ.

పెండ్లి ఒక రాత్రితో ముగిసినది. దాని ఫలితములు నెలల తరబడి అనుభవించవలసివచ్చెను. పీఠాధిపతుల నుండి వెలివేత శ్రీముఖములు వచ్చినవి. పంతులుగారిని, వారితో భుజించినవారిని, వారి ఇంటికి వచ్చిపోవువారిని కులమునుండి బహిష్కరించిరి. విందులో కూర్చున్నవారిలో కొందరు భయపడి ప్రాయశ్చిత్తములు చేసికొనిరి. వారిని గట్టిగా నిందించుట న్యాయము కాదు. ఇంట పెండ్లికావలసిన చెల్లెండ్రు, ముసలి తల్లిదండ్రులు గలవారికి వెలి యనిన ఏమో అనుభవించిన వారికే తెలియును. ఇతరుల పెండ్లిలో పాలుగొన్న నేరమునకు తమ తండ్రి తద్దినమునకు బ్రాహ్మణుడు దొరకని స్థితి అది.

పంతులుగారి ఇంటికి వంటవారు రామనిరి. నీళ్ళు తెచ్చువారు మానుకొనిరి. ఇరుగుపొరుగు బావులలో చేద వేయరాదనిరి. అప్పుడా ఇంట కొత్త దంపతులు గలరు, ఆశ్రయము కోరి వచ్చిన వితంతువులు గలరు, ఇండ్లనుండి వెళ్ళగొట్టబడిన విద్యార్థులు గలరు. ఇందరికి నీరు, అన్నము ఎట్లు? రాజ్యలక్ష్మమ్మగారు బిందె చంకనెత్తుకొని గోదావరికి నడచిరి. అంతమందికి చాలు నీరు తామే మోసికొనివచ్చి, తామే వండి, వడ్డించి, ఎంగిలాకులు తీసిరి. దారిలో వినబడిన మాటలకు లెక్క లేదు. పుట్టింటివారు ఆమెను భర్తను విడిచి రమ్మని ఒత్తిడి చేసిరి. ఆమె కదలలేదు. వితంతు వివాహోద్యమమును గూర్చి వ్రాయబడిన గ్రంథములలో ఉపన్యాసములకు, శాస్త్రవాదములకు అనేక పుటలు గలవు. ఈ నీటి బిందెకు నాలుగు పంక్తులు మాత్రమే దక్కినవి. అయినను ఆ బిందె గోదావరినుండి రాకున్నచో రెండవ వివాహము జరిగెడిది కాదు.

ఆ ఇంటికి వచ్చిన బాలవితంతువులకు ఆమెయే తల్లి. భయముతో ఏడ్చు పిల్లలను ఓదార్చుట, తల దువ్వుట, అక్షరములు దిద్దించుట, రోగమైనపుడు రాత్రులు మేలుకొనుట, పెండ్లియైన పిమ్మట పురుడు పుణ్యములకు మరల ఇంటికి తెచ్చుకొనుట ఆమె నిత్యకృత్యములు. వీనికి చందాలు లేవు, సభలు లేవు.

ధనసహాయమువలన వచ్చు చిక్కులను గూడ పంతులుగారు త్వరలోనే చూచిరి. వెలివేయబడిన దంపతులకు నిలువ నీడ కావలెను, జీవనోపాధి కావలెను. అందుచే వారికి ఇండ్లు, ఖర్చులకు ధనము, వీలైనచోట ఉద్యోగము సమకూర్చుచుండిరి. ఇది ధర్మమే. కాని కొందరు వరులు సంస్కారముపై ప్రీతితో గాక ఈ సహాయమునకై వచ్చిరని విరోధులు ఎత్తిపొడిచిరి. ఆ మాట పూర్తిగా అబద్ధమును కాదు. సహాయము పొందినవారిలో కొందరు ఇచ్చినది చాలదని తగవులాడిరి. మరికొందరు సౌకర్యము చిక్కగానే పూర్వపు కులములోనికి తిరిగిపోవ యత్నించిరి. పంతులుగారు స్వభావముచే కోపిష్ఠులు. మాట పదును గలవారు. లెక్కల విషయములో, నడవడి విషయములో రాజీపడెడివారు కారు. అందుచే మిత్రులతోను వారికి పలుమారులు విభేదములు కలిగినవి. స్వీయచరిత్రములో ఈ కష్టములను వారు దాచుకొనలేదు. తెలుగున వెలసిన తొలి స్వీయచరిత్రములలో అది యొకటి. పనిలో తమకు కలిగిన ఆశాభంగములను అంత విపులముగా వ్రాసిపెట్టిన ప్రజాసేవకులు తక్కువ.

ఇన్ని చిక్కులు ఎదురైనను వివాహములు ఆగలేదు. వారి జీవితకాలమున సుమారు నలువది వితంతు వివాహములు జరిపించిరని చెప్పుదురు. దేశజనసంఖ్యతో పోల్చి, ఇది యెంత యని పెదవి విరిచినవారు అప్పుడును గలరు. నలువది ఇండ్లలో దీపము వెలిగినది గదా! అంతకంటె ముఖ్యమైనది, అటువంటి వివాహము అసాధ్యమను మాట తొలగిపోయినది.

సంస్కర్తలకు సభ జరుపుకొనుటకు చోటు దొరకుట కష్టముగా నుండెడి కాలమున, 1890వ సంవత్సరమున, రాజమహేంద్రవరములో పంతులుగారు తమ ధనముతో పురమందిరమును నిర్మించిరి. అనుకూలురే గాక ప్రతికూలురును వచ్చి మాటలాడుకొనుటకు అది ఊరికి సాధారణ స్థలమైనది. జీతగాడైన తెలుగు పండితుడు ఊరికి టౌనుహాలు కట్టించుట అప్పటికి ఈ దేశమున వినని వింత. ఆ కట్టడము వారి పేరుతోనే నిలిచియున్నది. 1893వ సంవత్సరమున ప్రభుత్వము వారికి రావు బహదూరు బిరుదమునిచ్చి గౌరవించెను. మహాదేవ గోవింద రెనడేగారు వారిని దక్షిణదేశ విద్యాసాగరులని కొనియాడిరి. 1898వ సంవత్సరమున మద్రాసులో జరిగిన సంఘసంస్కరణ మహాసభకు అధ్యక్షులైరి. బిరుదములకంటె వారికి పనికివచ్చినది వేరు: ఒకనాడు రాళ్ళు రువ్విన ఊరిలో బాలికలను బడికి పంపుటకు తల్లులే ముందునకు వచ్చుట.

కొంతకాలము వారు మద్రాసులో నివసించిరి. అచ్చట ముద్రణాలయమును నడపుచు, ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులుగా పనిచేయుచు, వితంతు శరణాలయమును గూడ స్థాపించిరి. ఉద్యోగమునుండి విరమించి రాజమహేంద్రవరమునకు తిరిగివచ్చిన పిమ్మట ఇచ్చటను శరణాలయమును నెలకొల్పిరి. అప్పటికి వారి వయసు అరువదికి చేరువైనది. ఆరోగ్యము నానాటికి క్షీణించుచుండెను. ఇంతకాలము అన్ని పనులును వారి ఇంటిలో, వారి చేతిమీదుగా, వారి పెట్టెలోని ధనముతో నడచినవి. పెట్టె మూతపడిన దినమున ఏమగును? అన్నసత్రము పెట్టిన పుణ్యాత్ముడు గతింపగానే వారసులు పొయ్యి ఆర్పివేసిన ఉదాహరణములు ప్రతి మండలములోను గలవు. పంతులుగారికి సంతానము లేదు. దత్తత చేసికొని ఆస్తిని వంశమున నిలుపుమని చెప్పిన బంధువులుండకపోరు.

1906వ సంవత్సరమున వారు హితకారిణీ సమాజమును స్థాపించి, తమ యావదాస్తిని దానికి దత్తము చేసిరి. ఇండ్లు, స్థలములు, తోట, తాము వ్రాసిన గ్రంథములపై గల హక్కులు, అన్నియు సమాజపరమైనవి. నూటముప్పదికి పైగా గ్రంథములు వ్రాసిన రచయితకు పుస్తకములే పొలములు. వాని ఫలసాయమును గూడ ఇచ్చివేసిరన్నమాట. తరువాత ఆ సమాజమును చట్టప్రకారము రిజిస్టరు చేయించిరి. ఆస్తి వ్యక్తిది కాక సంఘమునకు చెందినది, పాలకులు మారినను పని మారరాదు, ఇది వారి అభిప్రాయము. సమాజము క్రింద వితంతు శరణాలయము, పాఠశాల నడచినవి. ఆ పాఠశాల వీరేశలింగ ఆస్తిక పాఠశాల యను పేర ప్రసిద్ధికెక్కెను. పంతులుగారు విగ్రహారాధనను కాదని ఏకేశ్వరోపాసనను నమ్మినవారు గనుక ఆస్తిక శబ్దము పాఠశాల పేరిట చేరినది.

దానము చేసిన పిదప దానిపై పెత్తనమును విడుచుట దాతకు మిక్కిలి కష్టము. పంతులుగారికిని అది సులభముగా లేదు. తాము పెంచిన సంస్థలో ఇతరుల మాట చెల్లుబాటగుట చూచి ఓర్చుకొనుట వారి స్వభావమునకు విరుద్ధము. సహచరులతో మనస్పర్థలు ఈ కాలమున మరింత హెచ్చినవి. అయినను ఇచ్చినదానిని వెనుకకు తీసికొనలేదు. ఇంతటి ముక్కోపి అయ్యు చేసిన ఆ దానము, శాంతమూర్తులు చేసిన దానములకంటె గొప్పదని తలంపవచ్చును.

1910వ సంవత్సరమున రాజ్యలక్ష్మమ్మగారు పరమపదించిరి. దాదాపు అర్ధశతాబ్ది కాలపు దాంపత్యము. ఆ తరువాత పంతులుగారు తొమ్మిదేండ్లు జీవించిరి గాని, ఇల్లు మునుపటి ఇల్లు కాలేదు. శరణాలయములోని స్త్రీలకు ఎవరితో ఏమి చెప్పుకొనవలెనో తెలియని స్థితి ఏర్పడెను. స్వీయచరిత్రములో ఆమెను గూర్చి వారు వ్రాసిన పుటలు కఠినచిత్తులను గూడ కరిగించును.

పంతులుగారి పని ఒక్క ఊరితో ఆగలేదు. వారి ప్రభావమున పడినవారు ఎవరి ఊరిలో వారు ఏదో యొక పనికి పూనుకొనిరి. చూపు సన్నగిల్లిన చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు రాజమహేంద్రవరములోనే అస్పృశ్యులని త్రోసివేయబడిన పిల్లలకు పాఠశాల నడపిరి. కాకినాడలో పిఠాపురం రాజావారి కళాశాలకు అధ్యక్షులైన రఘుపతి వేంకటరత్నం నాయుడుగారు అనాథబాలలను, పేద విద్యార్థులను సాకుటకు తమ జీతమును వ్యయపరచిరి. నాళం కృష్ణారావుగారు యౌవనమునందే పుస్తకములు పోగుచేయుటకు పూనుకొనిరి. రాజమహేంద్రవరములోని గౌతమీ గ్రంథాలయము వారి వంటివారి కృషిఫలమే. మొదట కొలదిపాటి పుస్తకములతో, నెలకు కొన్ని అణాల చందాతో నడచిన ఇటువంటి భాండాగారములే తరువాత పల్లెలకును ప్రాకినవి. గ్రామ గ్రంథాలయముల వంశవృక్షమున ఒక వేరు పంతులుగారి ఇంటిలో నున్నదని చెప్పుట అతిశయోక్తి కాదు.

జీవితపు చివరి దినములలో కూడ వారు కలము విడువలేదు. ఆంధ్రకవుల చరిత్రమును సంస్కరించి మరల ప్రకటింపవలెనను పట్టుదలతో మద్రాసునకు పోయి, విజ్ఞానచంద్రికా మండలి స్థాపకులలో నొకరైన కొమర్రాజు లక్ష్మణరావుగారి ఇంట బస చేసిరి. అచ్చటనే 1919వ సంవత్సరము మే 27వ తేదీన తనువు చాలించిరి. అప్పటికి వారికి స్వంతమని చెప్పుకొనదగిన ఇల్లు గాని, నేల గాని లేదు. పుట్టి పెరిగిన ఊరికి దూరముగా, మిత్రుని ఇంట, పుస్తకముల నడుమ కన్నుమూసిరి.

హితకారిణీ సమాజము వారితో అంతరింపలేదు. దాని పాలన అనేక చేతులు మారినది; ఒడుదొడుకులు వచ్చినవి. అయినను పాఠశాల నిలిచి, స్వాతంత్ర్యానంతరము కళాశాలలును వెలసినవి. అందొకటి వీరేశలింగం పంతులుగారి పేర నడచుచుండగా, మరియొకటి స్త్రీల కళాశాల. దానికి రాజ్యలక్ష్మమ్మగారి పేరు పెట్టిరి. మొదటి వితంతు వివాహము జరిగిన ఇల్లు రాజమహేంద్రవరములో రక్షిత కట్టడముగా నున్నది. గోదావరి స్నానమునకు పోవు గ్రామస్థులు కొందరు దారి అడిగి తెలిసికొని, ఆ ఇంటిలో కొంతసేపు కూర్చుండి వచ్చుచుందురు.